సీసం ఏప్రానా, సీసం లేనిదా: క్యాథ్ ల్యాబ్‌లో ఏది మేలు?

మా క్యాథ్ ల్యాబ్ (ఎక్స్‌రేలో చూస్తూ గుండె రక్తనాళాల్లోకి సన్నటి గొట్టం పంపే గది) గోడకి, ఎక్స్‌రే నుంచి మనల్ని కాపాడే రెండు ఏప్రాన్లు పక్కపక్కనే వేలాడుతుంటాయి. రెండింటి లేబుల్ మీదా 0.5 మి.మీ. అనే ఉంటుంది, అంటే అర మిల్లీమీటరు సీసం ఆపినంత ఆపుతుందని. సీసంది ఎత్తితే భుజం కిందికి లాగుతుంది, సీసం లేని రెండోది ఒంటిచేత్తో లేస్తుంది. కొత్తగా చేరిన టెక్నీషియన్ అమ్మాయి మొదటి రోజే అడిగింది: "అక్కా, రెండూ 0.5 ఏ కదా, తేలికదే వేసుకుంటే పోలేదా?"

మంచి ప్రశ్న. రోజుకి ఆరేడు కేసులు నిలబడి చేసేవాళ్లకి ఏప్రాన్ బరువు చిన్న విషయం కాదు. ఒక చదరపు మీటరు సీసం రేకు అర మిల్లీమీటరు మందంలోనే అయిదున్నర కిలోలు దాటుతుంది. దాన్ని వినైల్‌లో కలిపి, గుడ్డ కుట్టి, వెనక వైపు కూడా చుట్టుకుంటే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. ఈ పనిలో పదేళ్లు దాటినవాళ్లలో నడుం నొప్పి లేనివాళ్లని నేను చాలా తక్కువ మందిని చూశాను.

మరి రెండోది ఎందుకు తేలిక? అందులో మోసమేం లేదు. సీసం శోషణ, అంటే ఎక్స్‌రేని మింగే బలం, 88 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణం శక్తికి కొలత) దగ్గర ఒక్కసారిగా పెరుగుతుంది. దానికి కింద, 30 నుంచి 88 దాకా, తన బరువుకి తగ్గ పని చెయ్యదు. పేషెంటు ఒంటి నుంచి చెదిరి మన మీద పడే స్కాటర్‌లో ఎక్కువ భాగం ఉండేది సరిగ్గా ఆ మధ్యలోనే. సీసం లేనివాటిలో వాడే లోహాల్లో తగరం 29 దగ్గర, యాంటిమొనీ 30 దగ్గర, బేరియం 37 దగ్గర, టంగ్‌స్టన్ 69 దగ్గర బలం పుంజుకుంటాయి. సీసం నీరసపడే చోట ఇవి పట్టుకుంటాయి కాబట్టి తక్కువ బరువుతోనే పని జరిగిపోతుంది.

చిక్కు ఇంకో చోట ఉంది. తగరం, యాంటిమొనీ లాంటివి ఎక్స్‌రేని మింగి ఊరుకోవు. 25 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టుపక్కల తమ సొంత కిరణాలని వదులుతాయి. ఏప్రాన్ ఒంటిని అంటుకునే ఉంటుంది కాబట్టి అవి నేరుగా చర్మం మీదికే వస్తాయి. పాత పద్ధతి పరీక్షలో సన్నటి కిరణం పంపి, మీటర్‌ని రేకుకి దూరంగా పెట్టేవారు. పక్కలకి చెదిరిన ఈ కిరణాలు మీటర్‌కి అందవు, కాగితం మీద 0.5 అని గొప్పగా కనిపిస్తుంది. అందుకే 2014లో ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) తన 61331-1 ప్రమాణాన్ని సవరించి, మీటర్ రేకుని ఆనుకుని ఉండే పరీక్షని కూడా చేర్చింది. సీసం లేని ఏప్రాన్ కొనేటప్పుడు నేను మొదట అడిగేది ఆ రిపోర్టే. అది చూపించకుండా బరువు గురించే మాట్లాడే సేల్స్‌వాళ్లని నమ్మను.

మంచి కంపెనీలు దీనికి రెండు పొరల దారి పట్టాయి. తగరం, యాంటిమొనీ పొర బయటికి, బిస్మత్ (సీసమంత బరువైన అణువులున్న లోహం) పొర ఒంటి వైపుకి. బయటి పొర వదిలిన కిరణాన్ని లోపలి బిస్మత్ మింగేస్తుంది. ఇలాంటి ఏప్రాన్‌ని తిరగేసి వేసుకుంటే ఆ ఏర్పాటంతా వృథా. ఆ అమ్మాయికి లేబుల్ ఏ వైపు ఉండాలో చేత్తో పట్టి చూపించింది ఇందుకే.

సీసానికి ఉన్న బలం ఏమిటంటే కేవీ (ఎక్స్‌రే ట్యూబుకి ఇచ్చే వోల్టేజి) మారినా పెద్దగా దగా చెయ్యదు, ధర కూడా తక్కువ. సీసం లేనిది 70, 80 కేవీల దగ్గర బాగా ఆపి, 110, 120కి వెళ్లేసరికి వెనకబడవచ్చు. లావుపాటి పేషెంటు బల్లమీదికి వస్తే మెషీన్ తనంతట తనే కేవీ పెంచేస్తుందని గుర్తుంచుకోవాలి. ఇక సీసం విషం సంగతి. పైగుడ్డ చిరగనంత వరకు భయం తక్కువే, చిరిగితే పొడి చేతికి అంటుతుంది, పాతబడ్డాక చెత్తలో పారేయడానికి లేదు. అలాగని యాంటిమొనీ పూర్తిగా సురక్షితం అనుకోవద్దు.

ఈ రెండింటి మధ్య మూడోదొకటి ఉంది, సీసంలో తగరం లాంటివి కలిపిన కాంపోజిట్. క్యాథ్ ల్యాబ్‌కి నా ఓటు బిస్మత్ ఉన్న రెండు పొరలదానికే. బడ్జెట్ చాలకపోతే కాంపోజిట్. ఏదైనా సరే చొక్కా, స్కర్టు విడివిడిగా ఉన్న సెట్టే తీసుకోండి, బరువు సగం తుంటి మీదికి దిగుతుంది. కుర్చీ మీద మడిచి పడేస్తే ఏ రకమైనా లోపల చిట్లుతుంది. మేము ఒకసారి ఏప్రాన్‌ని ఫ్లోరో (కదిలే ఎక్స్‌రే బొమ్మ చూపే మెషీన్) కింద పరిచి చూస్తే, పైకి కొత్తదానిలా మెరుస్తున్నదాంట్లో నడుం దగ్గర వేలెడు పొడవు తెల్లగీత కనిపించింది. ఏడాదికోసారి ఈ పరీక్ష తప్పించకండి.

గోడల దగ్గర లెక్క వేరు, అక్కడ బరువు మోసేది ఇటుక. మన రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయి బేరియం సల్ఫేటే. దాని పొడి కలిపిన ప్లాస్టర్‌ని ఎక్స్‌రే గదులకి వాడతారు. ఇక్కడ సీసం రేకు కోసం పట్టుబట్టాల్సిన పని నాకు కనిపించదు.

"మరి న్యూక్లియర్ మెడిసిన్‌కి (రేడియోధార్మిక మందు ఎక్కించి స్కాన్ తీసే విభాగం) పోస్టింగ్ వేస్తే ఇదే తీసుకెళ్లనా?" అంది ఆ అమ్మాయి. వద్దన్నాను. అక్కడ వాడే టెక్నీషియం అనే మందు కిరణం 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, దానికి తగరం, యాంటిమొనీ చేతులెత్తేస్తాయి. పెట్ స్కాన్‌లో అయితే 511, ఏ ఏప్రానూ అడ్డం రాదు. అక్కడ సిరంజి చుట్టూ మందపాటి టంగ్‌స్టన్ తొడుగు, పేషెంటుకి నాలుగడుగులు ఎడంగా నిలబడటం, ఇవే కాపాడేది.