ప్రశ్నావళి, ముఖాముఖి: డిజిటల్ ఆటలపై ఉపాధ్యాయుల వైఖరిని కొలిచే రెండు పద్ధతులు

1932లో అమెరికన్ మనస్తత్వవేత్త రెన్సిస్ లైకర్ట్ ప్రతిపాదించిన కొలమానంతో తయారైన ప్రశ్నావళిలో ఉపాధ్యాయులు ప్రతి వాక్యానికీ "పూర్తిగా అంగీకరిస్తాను" మొదలు "అసలే అంగీకరించను" వరకు ఒక మెట్టును ఎంచుకుంటారు కనుక, హైదరాబాద్‌లోని వందలాది బడుల నుంచి తక్కువ ఖర్చుతో సమాధానాలు సేకరించి, క్రోన్‌బాక్ ఆల్ఫాతో (సమాధానాలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే గణాంక సూచికతో) ప్రశ్నల పొందికనూ పరీక్షించవచ్చు. అయితే పై అధికారులు పంపిన ఫారంలో "ఆటలు చదువుకు పనికిరావు" అని ఎంతమంది ధైర్యంగా గుర్తుపెడతారు? అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది: ఆట మేలు చేస్తుందని నమ్మడం వేరు, నలభై మంది పిల్లల మధ్య నాలుగు ట్యాబ్‌లతో దాన్ని నడపగలననుకోవడం వేరు, రెండింటినీ కలిపి తీసిన సగటు ఏ వైఖరినీ సరిగా చూపదు.

పాతబస్తీ బడిలో కూర్చొని మాట్లాడితే, "నాకిష్టమే, కానీ సిలబస్ పూర్తవదు" అనే మాటలో ఆ తేడా స్పష్టంగా వినిపిస్తుంది. ముఖాముఖికి సమయం ఎక్కువే. అయినా ముందు పదిమందితో మాట్లాడి, వారి మాటల నుంచే ప్రశ్నావళిని తయారుచేసి, పేరు అడగకుండా నింపించడమే నాకు సరైనదనిపిస్తుంది.