పాత ట్రాక్టర్ ఇంజిన్‌కి క్యామ్ బుష్‌లు కొంటున్నారా? బ్లాక్‌లో దిగ్గొట్టకముందే ఇది చదవండి

పాత ట్రాక్టర్ ఇంజిన్ విప్పి, సామాన్లు ఆన్‌లైన్‌లో తెప్పించి కట్టించుకునే వాళ్లందరికీ ఈ హెచ్చరిక. ఇంజిన్ వాల్వులని నడిపే కడ్డీ క్యామ్‌షాఫ్ట్, అది బ్లాక్‌లో తిరగడానికి వేసే రింగుల్లాంటి బేరింగులే బుష్‌లు. నేను కొన్న క్యామ్‌షాఫ్ట్ బుష్‌ల సెట్ వివరాల్లో "ఫినిష్డ్ సైజు, రీమింగ్ అక్కర్లేదు" అని, అంటే లోపల మళ్లీ కోసి సైజు చేయించక్కర్లేదని, స్పష్టంగా రాసి ఉంది. వచ్చినవి మాత్రం సెమీ ఫినిష్డ్ బుష్‌లు, అంటే లోపల ఇంకా కోయాల్సినవి. వర్క్‌షాప్‌లో అన్నీ దిగ్గొట్టాక చూస్తే క్యామ్ లోపలికి పోలేదు. ఈ ఇంజిన్‌లో జర్నల్స్ (షాఫ్ట్ మీద బుష్‌లలో తిరిగే నున్నటి భాగాలు) ముందు నుంచి వెనక్కి సైజు తగ్గుతూ వస్తాయి కాబట్టి షాఫ్ట్ చాలా దూరం సాఫీగా జారింది. తీరా జర్నల్స్ వాటి వాటి బుష్‌ల దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోయింది. అమ్మినవాళ్లకి ఫోటోలు పంపితే, బిగించిన సరుకు వెనక్కి తీసుకోబోమని ఒక్క ముక్కలో తేల్చేశారు. బుష్‌ల డబ్బు పోయింది, పీకించడానికి మళ్లీ కూలి కట్టాను. అన్యాయం అనిపించింది, ఇప్పటికీ కోపంగానే ఉంది.

ఇంత గొడవ ఎందుకు, పాత బుష్‌లే ఉంచేస్తే పోలా అనుకోకండి. క్రాంక్ మెయిన్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు కొత్తవి వేసి క్యామ్ వైపు చూడకుండా ఇంజిన్ కట్టేస్తే ఏమవుతుందంటే, చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ బాగానే చూపిస్తుంది. ఇంజిన్ వేడెక్కి స్లో మీదికి రాగానే ముల్లు పడిపోతుంది. అరిగిన బుష్ సందుల్లోంచి ఆయిల్ కారిపోతుంటే పంపు మాత్రం ఏం చేస్తుంది? చాలా ఇంజిన్లలో రాకర్లకి (పైన వాల్వులని నొక్కే చేతులకి) ఆయిల్ వెళ్లేది క్యామ్ బేరింగ్ మీదుగానే, అందుకని పైన రాకర్ షాఫ్ట్ కూడా ఎండిపోయి అరుగుతుంది. ఇంకో సంగతి, బ్లాక్‌ని వేడి కాస్టిక్ తొట్టిలో వేసి కడిగిస్తే బుష్ లోపలి మెత్తటి లోహం దెబ్బతింటుంది. అలా కడిగించాక పాతవి ఉంచుకునే మాటే లేదు.

ఫినిష్డ్ బుష్ అంటే దిగ్గొట్టగానే లోపలి సైజు సరిపోయేది. సెమీ ఫినిష్డ్‌లో లోపల అదనపు లోహం ఉంటుంది, బిగించాక అన్నిటినీ ఒకే వరుసలో సరైన సైజుకి కోయించాలి, దాన్నే లైన్ బోరింగ్ అంటారు. అది తప్పుడు సరుకేం కాదు, ఫినిష్డ్ అని చెప్పి దాన్ని అంటగట్టడమే మోసం. తేడా తెలుసుకోవడానికి పెద్ద పనిముట్లు కూడా అక్కర్లేదు. కొత్త బుష్‌ని చేత్తో క్యామ్ జర్నల్ మీదికి తొడిగి చూడండి. బయట ఉండగానే ఎక్కకపోతే బ్లాక్‌లో దిగాక అస్సలు ఎక్కదు, ఎందుకంటే బిగింపుకి లోపలి సైజు ఇంకా తగ్గుతుంది. బయట వదులుగా ఎక్కినంత మాత్రాన సరేనని కాదు. దిగాక బుష్ లోపలి సైజుని బోర్ గేజ్‌తో కొలిచి, జర్నల్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, రెండింటి మధ్య సందుని మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఇచ్చిన క్లియరెన్స్‌తో పోల్చుకోవాలి.

క్యామ్ బిగుసుకున్నప్పుడు వర్క్‌షాప్ మనిషి, "ఎమెరీ పేపర్ చుట్టి నాలుగు రుద్దులు రుద్దితే పోతుంది సార్" అన్నాడు. నేను వద్దన్నాను, మీరూ ఒప్పుకోకండి. ఎమెరీ గరుకు మెత్తటి లోహంలో కూరుకుపోయి, ఇంజిన్ తిరిగినన్నాళ్లూ జర్నల్‌ని తింటూనే ఉంటుంది.

బుష్‌లు పీకుతున్నప్పుడు ఇంకో దారుణం బయటపడింది. మధ్య బుష్‌కి ఆయిల్ రంధ్రం పక్కకి ఉంది. గ్యాలరీ (బ్లాక్‌లో ఆయిల్ వచ్చే దారి) వైపు నుంచి టార్చ్ వేస్తే, గుండ్రంగా కనిపించాల్సిన వెలుతురు నెలవంకలా సన్నగా కనిపించింది. బుష్‌ని తిప్పి బిగించినా కలవదు, ఎందుకంటే రంధ్రాన్ని బుష్ వెడల్పులోనే ఒక అంచు వైపుకి జరిపి కొట్టారు. సైజు ఒక్కటీ సరిపోయి ఉంటే క్యామ్ ఎక్కేది, ఇంజిన్ స్టార్ట్ అయ్యేది, ఆ జర్నల్ మాత్రం ఆయిల్ చాలక కాలిపోయేది. సైజు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. కాబట్టి ప్రతి బుష్‌నీ దాని చోట పెట్టి రంధ్రం ఎక్కడికి వస్తుందో ముందు గుర్తు పెట్టుకోండి. దిగాక రంధ్రంలోంచి తీగ దూర్చి చూడండి.

కొనేముందు అమ్మేవాళ్లని ఫినిష్డా, సెమీ ఫినిష్డా అని అడిగి జవాబు మెసేజ్‌లోనే తీసుకోండి, ఫోన్ మాట లెక్కకి రాదు. "ఫుల్ బేరింగ్ సెట్" అన్న కిట్లలో క్యామ్ బుష్‌లు చాలాసార్లు ఉండనే ఉండవు. కొన్ని పాత ఇంజిన్లలో అసలు బుష్‌లే లేక క్యామ్ నేరుగా బ్లాక్‌లోనే తిరుగుతుంది. అది అరిగితే బ్లాక్ బోర్ చేయించి బుష్ వేయాలి, ఆ పని కొలత తెలిసిన మెషిన్ షాప్‌కే ఇవ్వండి. దిగ్గొట్టడానికి సరైన మాండ్రెల్ (బుష్ లోపల సరిగ్గా పట్టే పనిముట్టు) లేకుండా పైపు ముక్క, సుత్తి తీసే చోట బ్లాక్ దించకండి, అంచులు చెక్కుకుపోతాయి.

పాత బుష్‌లు తీయించేటప్పుడు ఏది ఏ స్థానానిదో నంబర్ వేయించి, రంధ్రం ఎటు ఉందో ఫోటో తీసుకోండి. కొత్త బుష్‌లలో క్యామ్ చేత్తో తేలిగ్గా తిరిగేదాకా ఆ పాత బుష్‌లని పాత ఇనుముకి వేయకండి.