ఒక ఆప్షన్‌కి రెండు వివరణలు: చిన్న హెల్పా, మాన్యువలా?

కోడ్‌లో మార్పుల చరిత్రను భద్రపరిచే టూల్ గిట్. అందులో ఏ కమాండ్ తర్వాతైనా ఒక గీత పెట్టి హెచ్ కొడితే ఆప్షన్ల (కమాండ్ పనితీరుని మార్చే చిన్న గుర్తుల) జాబితా టెర్మినల్‌లోనే వచ్చేస్తుంది, ఇదే చిన్న హెల్ప్. రెండు గీతలు పెట్టి హెల్ప్ అని కొడితే మాన్యువల్ పేజీ తెరుచుకుంటుంది.

ఆప్షన్ పేరు మర్చిపోయినప్పుడు మొదటిదే హాయి. కానీ ఒక్క లైన్‌లో ఎంతని చెప్పగలరు? మార్పుల్ని చరిత్రలో నమోదు చేసే కమిట్ కమాండ్‌కి ఉన్న 'ఏ' (-a) ఆప్షన్‌నే తీసుకోండి. చిన్న హెల్ప్ 'మారిన ఫైళ్లన్నీ కమిట్ చేస్తుంది' అని ఊరుకుంటుంది. అది చదివి, ఇప్పుడే సృష్టించిన ఫైల్ కూడా వెళ్లిపోయిందనుకుంటాం. వెళ్లదు! గిట్‌కి ముందే తెలిసిన ఫైళ్లలో మార్పులు, తొలగింపులు మాత్రమే చేరతాయి, కొత్తవాటి జోలికి పోదు. ఆ మాట మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. చివరి కమిట్‌ని సరిదిద్దే అమెండ్ ఆప్షన్ సంగతీ అంతే: ఇప్పటికే నలుగురికీ చేరిన కమిట్‌ని మారిస్తే వచ్చే చిక్కు గురించిన హెచ్చరిక అక్కడే కనిపిస్తుంది.

అందుకే డాక్యుమెంటేషన్ రాసేటప్పుడు నేను మాన్యువల్‌తోనే మొదలుపెట్టమంటాను. దాన్ని కుదించి ఒక్క లైన్ తీయొచ్చు, ఆ లైన్‌ని సాగదీస్తే మాన్యువల్ రాదు. పైగా గిట్‌లో చిన్న హెల్ప్ వాక్యం సీ కోడ్‌లో ఆప్షన్ నిర్వచనం పక్కనే ఉంటుంది, కళ్లెదుటే కాబట్టి రాసేస్తాం. మాన్యువల్ మాత్రం విడిగా ఆస్కీడాక్ అనే టెక్స్ట్ ఫార్మాట్ ఫైల్‌లో ఉంటుంది. మర్చిపోయేది దాన్నే.