ఆరు కొమ్ముల రౌటర్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం తగ్గకముందే రాసేస్తున్నాను, అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి. రౌటర్ కొన్నది సికింద్రాబాద్‌లో మనవాళ్లంతా వెళ్లే ఆ కాంప్లెక్స్‌లోనే, రెండో అంతస్తు. షాపు పేరు రాయను, తెలిసినవాళ్లకి తెలుస్తుంది.

మా ఆవిడ వెనక బెడ్‌రూమ్‌లో కూర్చుని ఆన్‌లైన్ ట్యూషన్లు చెబుతుంది. హాల్లో రౌటర్, మధ్యలో రెండు గోడలు. పాతది అప్పుడప్పుడు నసిగేది, అంతే. దానికి మందని శనివారం ఆరు యాంటెనాల రౌటర్ తెచ్చాను, 5,800. షాపువాడు నా ముందే సెట్ చేసి, మూరెడు దూరంలో ల్యాప్‌టాప్ పెట్టి, '2402 ఎంబీపీఎస్' అని చూపించాడు. "అన్నా, తమ్ముడిలా చెప్తున్నా, ఇది తీసుకెళ్తే ఇక మళ్లీ నా మొహం చూడరు." ఆ మాట మాత్రం నిలబెట్టుకోవాలని గట్టిగానే ప్రయత్నించాడు.

ఇంట్లో మనం కట్టే ప్లాన్ 100 ఎంబీపీఎస్. 2402 చూసి మురిసిపోయిన ఈ మహానుభావుడు బీటెక్ ఈసీఈ. నవ్వుకోండి.

ఆదివారం క్లాసులో ఆవిడ గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్లింది. ఫోన్లో చూస్తే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, మాట మాత్రం పోదు. "పాతదే నయం కదండీ" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు, అనుంటే బాగుండేది.

నిన్న డబ్బా పట్టుకుని షాపుకెళ్లాను. తమ్ముడు ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఓపెన్ చేసిన బాక్స్ రిటర్న్ ఉండదు సార్." శనివారం అన్నా, సోమవారం సార్. ఓపెన్ చేసింది నువ్వే కదయ్యా అంటే, "గోడలకి మేమేం చేస్తాం, పగలగొట్టించుకోండి" అన్నాడు. పక్కన ఇంకో కస్టమర్ ఉన్నాడు. అతనివైపు తిరిగి, "ఈ సార్ ఇంజనీరంట, వైఫై పెట్టుకోవడం రాలేదంట" అని నవ్వాడు. అతనూ నవ్వాడు. 5,800 పోయినందుకు కాదు, ఆ నవ్వు చెవిలోంచి పోవడం లేదు. బిల్లు చూపించమన్నాడు. బిల్లు లేకపోతే 300 తగ్గిస్తానంటే సరేనన్నది నేనే. అన్నట్టు, 400కి ఎక్స్చేంజ్ ఇచ్చేసిన నా పాత రౌటర్ షోకేసులో కూర్చుంది, 900 స్టిక్కర్‌తో.

ఇంటికొచ్చి, కసితో సెట్టింగ్స్ తెరిచాను. ఛానల్ విడ్త్, అంటే వైఫై డేటా పంపే దారి వెడల్పు, 160 మెగాహెర్ట్జ్ అని ఉంది. డెమోలో అంకె పెద్దగా కనబడాలని పెట్టి, అలాగే ప్యాక్ చేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, చదువుకున్నదంతా.

సమాచార సిద్ధాంతానికి ఆద్యుడైన షానన్ 1948లోనే చెప్పాడు. బ్యాండ్‌విడ్త్ (ఆ దారి వెడల్పే) పెరిగితే కెపాసిటీ, అంటే పంపగలిగే డేటా, పెరుగుతుంది, నిజమే. కానీ బ్యాండ్‌విడ్త్‌తో పాటు నాయిస్, అంటే సిగ్నల్‌ని చెడగొట్టే రొద, కూడా లోపలికొస్తుంది. వెడల్పు రెట్టింపైతే నాయిస్ రెట్టింపు, బలాన్ని కొలిచే డెసిబెల్స్ లెక్కలో 3 ఎక్కువ. 20 మెగాహెర్ట్జ్‌లో సహజంగా ఉండే నాయిస్ మైనస్ 101 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) అయితే, 160లో మైనస్ 92, అంటే రొద ఎక్కువ. తొమ్మిది డెసిబెల్స్ నష్టం, మన రౌటర్ పవర్ మాత్రం అంతే. పిడికెడు పిండితో పెనమంత దోసె పోసినట్టు. మూరెడు దూరంలో సిగ్నల్ బలంగా ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. రెండు గోడలు దాటాక తెలుస్తుంది.

మరి ఆరు యాంటెనాలు ఏం పీకుతున్నాయంటారా? డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 2x2 అని ఉంది, అంటే అక్కడ పనిచేసేవి రెండే. రెండు యాంటెనాలు చక్కగా కలిసినా వచ్చే లాభం 3 డెసిబెల్స్. ఆరూ నిజంగా కలిసి పనిచేసినా 8 దాటదు, పోయింది 9. పైగా అదే రెండు యాంటెనాలు చెరో డేటా పంపుతూ 2402 చూపిస్తున్నప్పుడు, ఒకే డేటాకి బలం ఇవ్వడానికి కలవవు. వేగమో, బలమో. డబ్బా మీద రెండూ రాస్తారు. డబ్బా మీదున్న '3000' కూడా 5 గిగాహెర్ట్జ్‌లో 2402కి 2.4లో 574 కలిపి, గుండ్రం చేసిన లెక్క. మామూలు ఫోన్ రెండూ కలిపి ఒకేసారి వాడుకోదు.

గీతలు నిండుగా ఎందుకున్నాయో కూడా అర్థమైంది. రౌటర్ 'నేనున్నాను' అని పంపే బీకన్ 20 మెగాహెర్ట్జ్‌లోనే వస్తుంది. గీతలు దాన్ని చూసి లెక్కేసుకుంటాయి. డేటా పడే కష్టం వాటికి తెలియదు. ఇక 160 పెట్టి 36 నుంచి 64 దాకా ఛానళ్లన్నీ ఆక్రమిస్తే అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ల వైఫై అంతా మన నెత్తినే. యాప్‌లో స్కాన్ చేస్తే మా ఫ్లోర్‌లోవే పదకొండు కనబడ్డాయి.

160 తీసి 80 పెట్టాను, కొంచెం నయం. 40 పెట్టాను, వెనక గదిలో ఫోన్‌కి 94 ఎంబీపీఎస్ వచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 40 ఉంటే 20 చేశాను. అంతే, పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు పాత రౌటర్‌కి కేటాయించి ఉంటే ఇవాళ ఈ పోస్టు ఉండేది కాదు, 5,800 ఉండేవి.

కొనేవాళ్లు కొమ్ములు లెక్కపెట్టకండి, 2x2నో 4x4నో చూడండి. డెమో అడిగితే షాపు బయటికి, గోడ అవతలికి వెళ్లి అడగండి. బిల్లు లేకుండా ఏదీ తీసుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనుకున్నాను, చూపించడానికి కాగితం ముక్క లేక ఊరుకున్నాను. అక్కడే ఇలాంటిది కొన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఏ మోడల్ అంటగట్టాడో చూద్దాం.