పోర్టొబెల్లోలో పాత చైనా పింగాణీ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

శనివారాలు లండన్ పోర్టొబెల్లో రోడ్డులో పాత చైనా పింగాణీ కోసం తిరిగే మన తెలుగువాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. స్టాలు పేరు రాయడం లేదు, ఎందుకంటే కార్డు కంపెనీ దగ్గర మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ఆర్కేడ్ (ఒకే కప్పు కింద వరసగా ఉన్న చిన్న దుకాణాలు) లోపల గాజు బీరువాల నిండా నీలం, తెలుపు సామాను పెట్టుకుని, మనల్ని చూడగానే ‘నమస్తే’ అని పలకరించే పెద్దమనిషి అంటే అక్కడికి వెళ్ళేవాళ్ళలో చాలామందికి అర్థమవుతుంది.

కొన్నది చెక్క మూత ఉన్న చిన్న అల్లం జాడీ. ముదురు నీలం మీద పగిలిన మంచుగడ్డలా గీతలు, వాటి మధ్య తెల్లటి ప్లమ్ పూలు. కాంగ్‌షీ చక్రవర్తి కాలం (1662–1722) నాటిది అన్నాడు. 680 పౌండ్లు. నగదు ఇస్తే 50 తగ్గిస్తానన్నాడు గానీ మా ఆయన క్రెడిట్ కార్డే ఇచ్చారు. ఇప్పుడు డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి మాకు మిగిలిన దారి అదే. కొనేముందు నేను సూటిగా అడిగాను, ‘ఎక్కడైనా విరిగితే అతికించారా? పైన రంగు వేశారా?’ అని. ‘మూడు వందల ఏళ్ళుగా దీని మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు మేడమ్’ అన్నాడు. మా ఆయన పక్కనే ఉన్నారు, ఆయనా విన్నారు.

తెలియక అమ్మాడేమో అని మీరు అనుకోవచ్చు. కాదు. నాకు పింగాణీ చూడటం నేర్పిందే ఆ అమ్మిన పెద్దమనిషి. ఏ వస్తువైనా ముందు తిరగేసి అడుగు చూడమన్నాడు. గ్లేజు, అంటే పైన గాజులా మెరిసే పూత, లేని అడుగు అంచును వేలితో తడిమి మట్టి ఎంత నున్నగా ఉందో చూడమన్నాడు. అడుగున చక్రవర్తి పేరుతో ఉండే మార్కును నమ్మొద్దన్నాడు. 1677లో చైనాలో పింగాణీ తయారయ్యే జింగ్‌డెజెన్ ఊరి అధికారి సామాను మీద చక్రవర్తి పేరు రాయకూడదని ఆజ్ఞ వేశాడట. అందుకే అసలైన కాంగ్‌షీ వస్తువుల్లో చాలావాటి అడుగున ఉత్త రెండు నీలం వలయాలే ఉంటాయి, లేదా ఒక ఆకు బొమ్మ, లేదా అంతకు రెండు వందల ఏళ్ళ ముందు ఏలిన చెంగ్‌హ్వా చక్రవర్తి పేరు. కాంగ్‌షీ పేరు నాలుగక్షరాల్లో రాసి ఉన్న ప్లమ్ పూల జాడీలు ఎక్కువగా 19వ శతాబ్దం చివర్లో చేసినవి. ఇవన్నీ నిజాలే, తర్వాత పుస్తకాల్లో సరిచూసుకున్నాను. అన్నీ నిజాలే చెప్పి నమ్మకం సంపాదించి, ఆ నమ్మకాన్నే అడ్డం పెట్టుకుని, అడుగున రెండు వలయాలున్న ఈ జాడీని నా చేతిలో పెట్టాడు. నాకు కడుపు మండుతున్నది అందుకే.

ఇంటికి తెచ్చాక రాత్రి లైట్లు తీసేసి అల్ట్రావయొలెట్ టార్చ్ వేశాను. జాడీ అంతా మసక ఊదా రంగులో ఉంటే, భుజం (మూతి కింద వంపు) దగ్గర ఒకవైపు అరచేయంత మేర పాలిపోయిన తెల్లటి మచ్చ వెలిగింది. పళ్ళకు ఆనించి చూశాను. మిగతా చోట్ల గాజులా గట్టిగా జారుతోంది, ఆ మచ్చ మీద మాత్రం ప్లాస్టిక్‌లా మెత్తగా తగులుతోంది. అప్పుడు గోళ్ళ రంగు తుడిచే అసిటోన్‌లో దూది ముంచి ఒక మూల మెల్లగా రుద్దాను. దూది నీలంగా మారింది.

దీని అర్థం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఈ రకం పింగాణీలో నీలాన్ని కాల్చని మట్టి మీద కోబాల్ట్ అనే లోహం నుంచి వచ్చే రంగుతో గీస్తారు, దాని మీద గ్లేజు పూస్తారు, ఆ తర్వాతే సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అంటే నీలం గాజు పొర కింద ఉండిపోతుంది. ఎన్నేళ్ళు రుద్దినా దూదికి అంటదు. అంటిందంటే అది మొన్నమొన్న ఎవరో పైన వేసిన రంగు. ఇంకాస్త రుద్దేసరికి ఒక ప్లమ్ పువ్వు సగం ఊడిపోయింది. దాని కింద పసుపు పచ్చటి జిగురు గీత వంకరగా పోతోంది, గీత పక్కన సుద్దలాంటి తెల్లటి లప్పం. భుజం ముక్క ఎప్పుడో విరిగిపోతే అతికించి, సందులు నింపి, అతుకు కనపడకుండా చుట్టూ ఉన్న మంచి గ్లేజు మీద కూడా రంగు స్ప్రే చేశారు.

అడుగు అంచున వయసు మీద పడ్డట్టు ఉన్న గోధుమ రంగు మరక గోరువెచ్చని సబ్బు నీళ్ళకే వదిలిపోయింది. భూతద్దం పెట్టి చూస్తే పైన గీతలన్నీ ఒకే వైపుకు ఉన్నాయి. ఏళ్ళ తరబడి వాడిన వస్తువు మీద గీతలు అన్ని దిక్కులకూ పోతాయి, ఒకే వైపు ఉన్నాయంటే గరుకు కాగితం పెట్టి రుద్దారన్నమాట. ఒక వేలం సంస్థ వాళ్ళు ఉచితంగా విలువ కట్టే రోజున తీసుకెళ్ళి చూపిస్తే, కాంగ్‌షీ కాదు, 19వ శతాబ్దం చివరిది, ఈ స్థితిలో వంద పౌండ్లు కూడా పలకదు అన్నారు.

ఇంతవరకూ డబ్బు నష్టం. తర్వాతి శనివారం జాడీ పట్టుకుని మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళాం. మామూలుగానే ‘నమస్తే’ అన్నాడు. జాడీ బల్ల మీద పెట్టగానే ముఖం మారిపోయింది. చేత్తో ముట్టుకోలేదు, వంగి చూడను కూడా లేదు. పక్కన కొనడానికి నిలబడ్డ వాళ్ళందరికీ వినపడేట్టు, ‘నా దగ్గర్నుంచి ఇది బాగానే వెళ్ళింది. మీ ఇంట్లో పగలగొట్టుకుని, అతికించుకుని, డబ్బు వాపసు కోసం నా నెత్తిన పెట్టడానికి తెచ్చారు’ అన్నాడు.

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. కొన్న రోజున ఆయన ముందే తీసిన ఫొటోలు ఫోన్‌లో ఉన్నాయి. ఫ్లాష్ పడిన చోట జాడీ అంతా మెరుస్తోంది, భుజం మీద అదే చోట మెరుపు లేదు, మసగ్గా ఉంది. ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టాను. చూడలేదు. ‘చూసి కొనుక్కోండి, వాపసు లేదు’ అని రాసి ఉన్న బోర్డు వైపు వేలు చూపించాడు. ‘మొన్న మొదలుపెట్టి ఇవాళ నాకే నేర్పుతారా? ఇవి మీలాంటి వాళ్ళ కోసం కాదు’ అన్నాడు. నీ కన్ను మంచిదని, ఇంత త్వరగా ఎవరూ నేర్చుకోలేదని పొగిడింది ఇదే నోరు. పక్కనున్న ఆవిడ నన్ను చూసి తన బ్యాగు దగ్గరికి లాక్కుంది. 680 పౌండ్లు మళ్ళీ సంపాదించుకుంటాం. పదిమందిలో దొంగ అనిపించుకున్నది మాత్రం ఇది రాస్తుంటే కూడా చేతులు వణికిస్తోంది.

రసీదు మీద ‘పాత చైనా జాడీ, నీలం తెలుపు’ అని మాత్రమే రాసిచ్చాడు. కాలం లేదు, రిపేరు మాట లేదు. కానీ ఆ బోర్డును చూసి ఎవరూ భయపడకండి. ఇక్కడ బ్రిటన్‌లో వ్యాపారి దగ్గర కొన్న వస్తువు చెప్పిన వివరానికి సరిపోకపోతే 2015 నాటి కన్జ్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం 30 రోజుల్లోపు తిప్పి ఇచ్చి మొత్తం డబ్బు అడగొచ్చు. బోర్డు పెట్టినంత మాత్రాన ఆ హక్కు పోదు. ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉండి క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, 1974 నాటి కన్జ్యూమర్ క్రెడిట్ యాక్ట్ 75వ సెక్షన్ కింద కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది. మేము వెళ్ళింది ఆ దారినే. ఫొటోలు, నీలం అంటిన దూది, వేలం సంస్థ వాళ్ళు రాసిచ్చిన కాగితం అన్నీ జాగ్రత్తగా దాచాం. వేలంలో స్వయంగా వెళ్ళి పాత వస్తువు కొంటే ఈ హక్కులు ఇలాగే ఉండవు, అక్కడి షరతులు చదువుకోండి.

కొనేవాళ్ళు చిన్న అల్ట్రావయొలెట్ టార్చ్ జేబులో పెట్టుకోండి. స్టాల్లో వెలుతురు ఎక్కువగా ఉంటే మీ కోటు కప్పి దాని కింద చూడండి. చూడనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. కుండ కొనేటప్పుడు వేలితో మోగించి చూడటం మనకు కొత్త కాదు, కానీ ఆయన మోగించి చూపించినప్పుడు జాడీ ఒంటిని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే మంచిదీ మోగదు, పగిలిందీ మోగదు. బల్ల మీద పెట్టించి మీరే మోగించండి. రసీదు మీద కాలం, రిపేరు ఉందా లేదా అన్నది రాయించుకోండి, రాయనంటే కొనకండి.

నేర్చుకోవాలనుకుంటే అమ్మేవాళ్ళ దగ్గర నేర్చుకోకండి. బ్రిటిష్ మ్యూజియంలో 95వ గదికి వెళ్ళండి, టికెట్ లేదు. బొంబాయిలో పుట్టిన పర్సివల్ డేవిడ్ సేకరించిన సుమారు 1,700 వస్తువులు అక్కడున్నాయి. 1351 అని తేదీ రాసి ఉన్న నీలం, తెలుపు కూజాల జత కూడా ఆ గదిలోనే ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. చేత్తో పట్టుకుని చూడాలంటే వేలానికి ముందు ప్రదర్శన రోజుల్లో వెళ్ళండి, కొనకపోయినా చూడనిస్తారు, వస్తువు స్థితి గురించి అడిగితే రాసి కూడా ఇస్తారు.

ఇంకొక్క విషయం, ఇది రాయడానికి అసలు కారణం కూడా ఇదే. మా జాడీకి జోడీ అని ఆయన చెప్పిన రెండో జాడీ ఇంకా ఆ బీరువాలోనే ఉంది. మేము గొడవపడి బయటికి వస్తుంటే ఒక తెలుగు జంట దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తున్నారు. అప్పుడు నేను మాట్లాడే స్థితిలో లేను. అది మీరే అయితే, కొనేసి ఉంటే, ఈ రాత్రే లైట్లు తీసేసి భుజం దగ్గర టార్చ్ వేసి చూడండి. 30 రోజులు దాటనివ్వకండి.