చలికాలం మాల్టా: మొదట గది గోడలు చూడండి, తర్వాతే సముద్రం

జనవరి, ఫిబ్రవరిలో మధ్యధరా సముద్రపు ద్వీపదేశం మాల్టాలో పగలు 15, 16 డిగ్రీలు, రాత్రి 9, 10 ఉంటుంది. అరకు చలి చూసినవాళ్ళకి ఇదో లెక్కా అనిపిస్తుంది. కానీ అక్కడ చలి వీధిలో కాదు, గదిలో ఉంటుంది.

పాత ఇళ్ళన్నీ లేత పసుపు సున్నపురాయి కట్టడాలు. ఆ రాయి నీళ్ళు పీలుస్తుంది. గోడ అడుగున చెయ్యి పెడితే రంగు పెచ్చులూడి, తెల్లటి ఉప్పు పొడి వేళ్ళకంటుకుంటుంది. దుప్పటి తడిబట్టలా తగులుతుంది, తువ్వాలు రెండు రోజులైనా ఆరదు. వెంట వచ్చిన పెద్దవాళ్ళు రెండో రోజుకే మూతి ముడుచుకుంటారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. సీజన్ కాదని అద్దె తగ్గిస్తారు, ఫొటోలో మేడ మీది సముద్రం చూపిస్తారు. ఏసీ వాడితే కరెంటు బిల్లు విడిగా అన్న మాట మాత్రం కొందరు ఎక్కడో అడుగున రాస్తారు. ఇది అన్యాయం.

అందుకే డబ్బు కట్టేముందే రాతపూర్వకంగా అడగండి: ఏసీ పడకగదిలోనే ఉందా, వేడిగాలి ఇస్తుందా, కరెంటు అద్దెలో కలిసిందా, గదిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ ఉందా? కింది అంతస్తు అసలు వద్దు. ఎండ తగిలే దక్షిణపు గది పై అంతస్తులో దొరికితే పది యూరోలు ఎక్కువైనా తీసుకోండి. గ్యాస్ హీటర్ ఇస్తామంటే ఒప్పుకోకండి. కిలో గ్యాస్ మండితే దాదాపు లీటరున్నర నీరు ఆవిరై ఆ గదిలోకే వస్తుంది, పైగా కిటికీ తెరిచి ఉంచాలి. ఏసీలో డ్రై మోడ్ పెట్టినా లాభం లేదు, అది గదిని ఇంకా చల్లబరుస్తుంది. హీట్‌లో పెట్టి తలుపులు మూసి, పడుకునే రెండు గంటల ముందే డీహ్యూమిడిఫైయర్ వేస్తే పక్క పొడిగా ఉంటుంది. ప్లగ్గులు ఇంగ్లండు తరహా చదరపు మూడు పిన్నులవి, మన గుండ్రటి పిన్నులు పట్టవు.

తిరగడం సుఖం. బస్సు టికెట్ రెండు గంటలు చెల్లుతుంది. రాజధాని వలెట్టాలో సెయింట్ జాన్స్ కో-కెథెడ్రల్‌కి 15 యూరోలు, 1608లో కరవాజ్జో గీసిన పెద్ద చిత్రం ముందు నిలబడితే ఆ డబ్బు గుర్తురాదు. నేల కింద రాతిలో తొలిచిన ప్రాచీన సమాధుల గుడి హైపోజియంలోకి ఒక్కో విడతకి పదిమందినే పంపుతారు, సీజన్ కాదు కదా అని టికెట్ ముందే కొనకుండా వెళ్ళొద్దు.

పక్క దీవి గోజోకి వెళ్ళే రోజు గాలి చూసుకోవాలి. వలెట్టా రేవు ఈశాన్యానికి తెరుచుకుని ఉంటుంది. అటునుంచి గ్రిగాల్ అనే గాలి లేస్తే ముందు ఆగేది అక్కణ్ణుంచి వెళ్ళే ఫాస్ట్ ఫెర్రీయే. అప్పుడు 41 లేదా 42 నంబరు బస్సెక్కి చిర్కెవ్వా రేవుకి పోయి, కార్లు ఎక్కే పెద్ద ఫెర్రీ పట్టుకోవాలి. దాటడానికి 25 నిమిషాలు. వెళ్ళేటప్పుడు టికెట్ అడగరు, తిరుగు ప్రయాణంలో రానూపోనూ కలిపి 4.65 యూరోలు తీసుకుంటారు. బ్లూ గ్రొట్టో అనే సముద్రపు గుహలకి వెళ్ళే పడవలు కూడా అల లేస్తే నడవవు, కాబట్టి వాటికోసం ఒకే రోజు పెట్టుకోకుండా ఇంకో రోజు చేతిలో ఉంచుకోండి. అజూర్ విండో అనే సముద్రపు రాతి తోరణం కోసం గోజోలోని డ్వెయ్‌రాకి పరుగెత్తే పని లేదు, అది 2017 మార్చి 8న తుఫానుకి కూలిపోయింది.

గోజోలో చాలా హోటళ్ళు ఈ నెలల్లో మూసేస్తారు. ఆకలికి పస్తిత్సి ఉంది: పొయ్యిలోంచి తీసిన వెంటనే పొరలు కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉడికిన బఠాణీ ముద్ద పొగలు కక్కుతుంది. శాకాహారులు మాత్రం పొరల్లో పంది కొవ్వు వాడారా అని అడిగి తినండి.