పుచ్చిన వెనక పలక: ఎపాక్సీ ఎక్కించాలా, విప్పి కొత్త చెక్క వేయాలా?

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై బోట్లు ఒడ్డెక్కాక నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. ఫైబర్ బోటు వెనక పలకలో, అంటే ఇంజన్ బిగించే చోట, లోపలి చెక్క పుచ్చింది. రంధ్రాలు వేసి ఎపాక్సీ, అంటే హార్డనర్ కలిపితే గట్టిపడే జిగురు, ఎక్కించేద్దామా, లేక విప్పి కొత్త ప్లైవుడ్ వేద్దామా? నేను రెండూ చేసి చూశాను, అదీ ఒకే బోటుకి, ఒకే పలకకి. అందుకే నా మాట ఒక పక్కకి మొగ్గుతుంది. ముందే చెప్పేస్తున్నా.

రెండేళ్ల కిందట మొదటి దారి పట్టాను. లోపలి వైపు నుంచి అంగుళంన్నరకో రంధ్రం వేసి, పశువులకి వాడే పెద్ద సిరంజితో పలచని ఎపాక్సీ ఎక్కించాను. పలక లీటరు పైగా తాగింది. అంత తాగిందంటే మూలమూలకీ వెళ్లే ఉంటుందని సంబరపడ్డాను. మర్నాడు సుత్తితో తడితే మునుపటి బొద్దు శబ్దం పోయి ఖంగుమంది. ఒక రోజు పని, గ్రైండర్ దుమ్ము లేదు, దురద లేదు. ఆ సీజను గడిచేసరికి ఇంజన్ బోల్టుల వాషర్లు మళ్లీ పలకలోకి దిగబడ్డాయి. ఇంజన్ పైకి లేపి దాని మీద బరువు వేస్తే పలక కదలడం కంటికి కనిపించింది.

ఈసారి నిషేధంలో లోపలి ఫైబర్ పొర కోసి చూశాను. ప్రతి రంధ్రం దగ్గరా ఎపాక్సీ మేకు దిగగొట్టినట్టు గట్టిగా నిలబడి ఉంది. మేకుకీ మేకుకీ మధ్య నల్లటి ముద్ద. గుప్పిట్లో పట్టి పిండితే నీళ్లు కారాయి. సుత్తికి ఖంగుమన్నది ఆ మేకులే.

ఎందుకలా అయిందో విప్పాకే అర్థమైంది. ఎపాక్సీ చెక్క పోగు వెంబడి పాకుతుంది కానీ అడ్డంగా పెద్దగా పోదు. పైగా ఇది ప్లైవుడ్. పొరకీ పొరకీ మధ్య ఉన్న జిగురు గోడలా అడ్డుపడుతుంది. వీటన్నిటికంటే పెద్ద చిక్కు తడి. నీళ్లు నిండిన చెక్కలో ఎపాక్సీకి చోటెక్కడిది? చెక్కని ఆరబెట్టి ఎక్కించవచ్చు కదా అంటారు. రెండు ఫైబర్ పొరల మధ్య ఇరుక్కున్న ప్లైవుడ్, తడి బట్టని బీరువాలో పెట్టి తాళం వేసినట్టే. నాలుగు రంధ్రాలు వేసి ఎండలో పెడితే రంధ్రాల అంచులు ఆరతాయి, అంతే. నెలల తరబడి ఆరబెట్టినా నడిమి భాగం గురించి నమ్మకంగా చెప్పలేం.

నా దృష్టిలో మొత్తం విషయం తేలేది ఇక్కడే. విప్పి కొత్తది వేసే పద్ధతిలో తడి చెక్కని ఆరబెట్టే పనే లేదు, తీసి పారేస్తాం. ఆరాల్సింది ఫైబర్ పెంకు ఒక్కటే. మే ఎండలో అదెంతసేపు? అకాల వాన పడకుండా పైన టార్పాలిన్ కట్టుకుంటే చాలు. చెక్కలో తడి 20 శాతం లోపు ఉంటే పుచ్చు పట్టదు. ఆ హామీ దుకాణం నుంచి తెచ్చిన పొడి ప్లైవుడ్ ఇస్తుంది. పాత చెక్క ఎన్నటికీ ఇవ్వదు.

మాటల్లో మాట, పుచ్చడానికి సముద్రపు నీళ్లు కారణమని చాలామంది అనుకుంటారు. అసలు దొంగ వాన నీరు. ఉప్పులో బూజు పట్టదని ఆవకాయ జాడీ పెట్టే ఎవరినడిగినా చెప్తారు. బోల్టు రంధ్రంలోంచి, పలక పై అంచు పగులులోంచి వర్షాకాలమంతా చుక్కచుక్కగా దిగిన మంచినీరే చెక్కని తినేస్తుంది.

విప్పే పనంతా చెప్పను, నేను తప్పు చేయబోయిన చోట్లు మాత్రం చెప్తాను. ముందు ఎంత మేర పోయిందో చూడండి. 4 మిల్లీమీటర్ల డ్రిల్లుతో లోపలి వైపు నుంచి, అడుగున నీళ్లు వదిలే బెజ్జం దగ్గర మొదలుపెట్టి పైకి రండి. పొట్టు నల్లగా, తడిగా వస్తే పోయినట్టు. తెల్లగా, పొడిగా వస్తే బాగున్నట్టు. కోసేటప్పుడు లోపలి పొరే కోయండి. బయటి పొర ఉంటే పలక ఆకారం చెడదు. చుట్టూ రెండు మూడు అంగుళాల అంచు వదిలేయండి, కొత్త పొర అతికేది దాని మీదే. ఆ అంచుని ఏటవాలుగా అరగదీయాలి. పొర మందం ఎంతుంటే దానికి 12 రెట్ల వెడల్పున వాలు ఉండాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు.

ప్లైవుడ్ ఐఎస్ 710 (పడవలకి వాడే మెరైన్ రకం) ముద్ర ఉన్నదే తీసుకోండి. వాటర్‌ప్రూఫ్ అని చెప్పి అమ్మే ఐఎస్ 303 రకం వంటింటి అలమరాలకి సరిపోతుంది, ఇంజన్ వెనక దానికి పని లేదు. నేను 18 మిల్లీమీటర్ల షీట్లు రెండు జంటగా అతికించాను. బిగించే ముందే అంచులకి మూడు సార్లు ఎపాక్సీ పూశాను. పోగు చివరలు అక్కడే తెరుచుకుని ఉంటాయి, నీళ్లు తాగేదీ అక్కడే.

ఇక రెండో ప్రశ్న: కొత్త చెక్క, పొర అతికించడానికి పాలిస్టర్ రెజినా, ఎపాక్సీనా? బోటు పాలిస్టర్‌తో కట్టిందే కదా, అదే వేస్తే పోదా అన్నాడు మా మేస్త్రి. ఖర్చు చూస్తే ఆయన మాటే నిజం, ఎపాక్సీ రెండు మూడు రెట్లు ఎక్కువ. కానీ పాలిస్టర్ పచ్చిగా ఉన్న పాలిస్టర్‌కి అతుక్కున్నంతగా చెక్కకి అతుక్కోదు. ఎప్పుడో గట్టిపడిన పాత ఫైబర్‌కీ అంతంతమాత్రమే. ఎపాక్సీ రెండిటినీ పట్టుకుంటుంది. అయితే ఎపాక్సీతో మొదలుపెడితే ఎపాక్సీతోనే ముగించండి, దాని మీద పాలిస్టర్ సరిగా నిలవదు. మామూలు చాప్డ్ మ్యాట్ (ముక్కలు చేసిన గాజు పోగుల చాప) కూడా వద్దు. అందులో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లోని స్టైరీన్‌కి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. నేసిన గాజు పోగు గుడ్డ వాడండి. మే నెలలో మగ్గు నిండా కలిపారో, పది నిమిషాల్లో పొగలు కక్కుతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా కలిపి, వెడల్పు పళ్లెంలో పోసుకుని పని చేయండి. త్వరగా గట్టిపడాలని హార్డనర్ ఎక్కువ వేయడం పాలిస్టర్ అలవాటు. ఎపాక్సీలో కొలత తప్పితే అది ఎన్నటికీ గట్టిపడదు.

మిగతావి చెప్పాలంటే, చెక్కంతా తవ్వి తీసి ఆ సందులో పోసే సెరామిక్ మిశ్రమం ఉంది. మంచిదే అంటారు, మన ఒడ్డున దొరకదు. పలకకి రెండు వైపులా అల్యూమినియం రేకు వేసి బోల్టులు బిగించడం సీజను మధ్యలో ఇంటికి చేరడానికి పనికొస్తుంది. నేల కింద బోటు పొడవునా ఉండే దుంగల్లో చెక్క పుచ్చితే మాత్రం అంత కంగారు అక్కర్లేదు. చాలా బోట్లలో అక్కడ బలమంతా పైనున్న ఫైబర్‌దే, చెక్క అచ్చు మాత్రమే.

సిరంజి పద్ధతిని పూర్తిగా తీసిపారేయను. మూత పలక అంచు చివికినా, బరువు పడని చోట ఒకటి రెండు స్క్రూ రంధ్రాలు వదులైనా, చుట్టూ చెక్క పొడిగా ఉంటే ఒక పూటలో పని అయిపోతుంది. ఇంజన్ మోసే పలకకి మాత్రం మళ్లీ చేయను.

కొత్త పలకకి బోల్టు రంధ్రాలు నేరుగా వేయలేదు. ముందు పెద్ద రంధ్రం తొలిచి, దాన్ని ఏరోసిల్ (ఎపాక్సీని చిక్కబరిచే పొడి) కలిపిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక ఆ ముద్ద నడిమి నుంచి బోల్టు సైజు రంధ్రం వేశాను. ఇప్పుడు బోల్టు ఎక్కడా చెక్కని తాకదు. మొత్తం పని పంతొమ్మిది రోజులు పట్టింది. నిషేధం ముగిసే జూన్ 14కి ఇంకా వారం ఉంది, రంగు వేయాలి.